రాజధాని ఎవరికి? గొడవంతా తప్పు ప్రశ్న మీదే

రాష్ట్రం విడిపోయేటప్పుడు అందరం కొట్టుకునేది ఒక్కదాని గురించే. రాజధాని ఎవరికి? నిజానికి దీనికి జవాబు దాదాపు ఎప్పుడూ ఒకటే: ఊరు ఎవరి నేల మధ్యలో ఉంటే వాళ్లకే. 1953లో మదరాసు అటే పోయింది. 1960లో బొంబాయి మహారాష్ట్రకి, 2014లో హైదరాబాదు తెలంగాణకి. "మదరాసు మనదే" అని మనవాళ్లు ఎంత అరిచినా, చివరికి కర్నూల్లో గుడారాలేసుకుని ఆఫీసులు నడుపుకున్నారు.

చండీగఢ్ కథ వేరు. సరిగ్గా సరిహద్దులో పడింది కాబట్టి 1966లో కేంద్రపాలిత ప్రాంతం చేసి, పంజాబు, హర్యానాలకి ఉమ్మడి అన్నారు. 1985 ఒప్పందంలో పంజాబుకిస్తామని, 1986 జనవరి 26 అని ముహూర్తం కూడా పెట్టారు. ఇవ్వలేదు. ఇప్పటికీ ఉమ్మడే!

హైదరాబాదుకి మాత్రం పదేళ్ల గడువు పెట్టారు. 2024 జూన్ 2తో అయిపోయింది. మరి బాగానే ఉందిగా అంటారా? నా పేచీ అక్కడే.

రాజధానిలో రెండున్నాయండీ. ఒకటి ప్రభుత్వం కూర్చునే చోటు. దాన్ని మార్చొచ్చు. సర్వర్లు ఒక బిల్డింగులోంచి ఇంకో బిల్డింగులోకి మార్చినట్టే, నాలుగు రోజులు తిప్పలు పడతాం, అయిపోతుంది. 2016లో సెక్రటేరియట్ వెలగపూడికి అలాగే వెళ్లింది. రెండోది, దాని చుట్టూ పెరిగిన ఊరు, అందులోని ఉద్యోగాలు, పన్నులు. హైటెక్ సిటీని లారీకెక్కించలేం కదా.

మాది గుంటూరు జిల్లా, ఉద్యోగం మాదాపూర్‌లో. రాష్ట్రం విడిపోయిన మర్నాడు కూడా అదే బస్సెక్కి అదే సీట్లో కూర్చున్నా. నాకు పోయిందేమీ లేదు. కానీ నేనిక్కడ పెట్టే ఖర్చు మీద రాష్ట్రానికొచ్చే పన్ను తెలంగాణదే. అది న్యాయమే, రోడ్డూ నీళ్లూ ఇస్తున్నది వాళ్లు. పైగా 1956కి ముందు కూడా ఇది వాళ్ల రాజధానే. మరి ఆ ఆదాయం పోయిన రాష్ట్రం సంగతి?

2014 చట్టం 94వ సెక్షన్ చూడండి. కొత్త రాజధానిలో రాజ్‌భవన్, హైకోర్టు, సెక్రటేరియట్, అసెంబ్లీ వగైరాలకి కేంద్రం ప్రత్యేక ఆర్థిక సాయం చేస్తుందని ఉంది. ఎంత? లేదు. ఎప్పటిలోగా? లేదు. ఇలాంటి రిక్వైర్‌మెంట్ మా ఆఫీసుకొస్తే చదివి వెనక్కి పంపించేస్తాం. ఇది మాత్రం పార్లమెంటులో పాసైపోయింది.

తప్పు మనది కూడా. మదరాసు పోయాక బుద్ధి రావాల్సింది. 1956 తర్వాత మళ్లీ అన్నీ తెచ్చి ఒక్క ఊళ్లోనే పెట్టాం. 2013లో మావైపు నెలల తరబడి సమ్మెలు జరిగాయి. విభజన వద్దన్నాం, హైదరాబాదు మాదీ అన్నాం. "సరే, విడిపోతే ఎన్ని కోట్లు, ఏ తారీఖుకి?" అని గట్టిగా అడిగినవాళ్లు నాకైతే కనబడలేదు.

అన్నదమ్ములు ఇల్లు పంచుకునేటప్పుడు ఇల్లు దక్కనివాడు ముందు కాగితమ్మీద అంకె వేయించుకుంటాడు. మనం ఇల్లు నాదేనని అరుస్తూ కాగితం చదవకుండా సంతకం పెట్టేశాం.

రేపు ఇంకో రాష్ట్రం విడిపోయినా ఇదే జరుగుతుందని నా భయం. మీరేమంటారు?