500 పేజీకి టెస్ట్ రాశారా?

ప్రాజెక్ట్ రివ్యూలో మనం ఏం చూపిస్తాం? లాగిన్ అవుతుంది, ఫారం సబ్మిట్ అవుతుంది, డేటాబేస్‌లో ఎంట్రీ పడుతుంది. మేడమ్ తల ఊపుతారు, మార్కులు పడతాయి. మధ్యలో కోడ్ దెబ్బతింటే యూజర్‌కి ఏం కనిపిస్తుందో ఎవరూ అడగరు. మనమూ చూపించం.

ఫెస్ట్ రిజిస్ట్రేషన్ సైట్‌ని మేం నలుగురం జాంగోలో చేశాం. మొదటి రోజు రాత్రే, డబ్బు కట్టాక వచ్చే పేజీలో ఎక్సెప్షన్ వచ్చింది. సరే, తప్పులు ఎవరికైనా వస్తాయి. కానీ "డబ్బు కట్ అయి ఉంటే మళ్ళీ కట్టకండి" అని మేం ముందే రాసిపెట్టుకున్న 500 పేజీ కూడా రాలేదు! తెల్ల స్క్రీన్ మీద రెండు ఇంగ్లిష్ ముక్కలు, అంతే. కొందరు ఫస్టియర్ వాళ్ళు కంగారుపడి రెండోసారి కట్టేశారు. అవి తిరిగి ఇవ్వడానికి వారం పట్టింది. తిట్లు అదనం.

కారణం చూస్తే నవ్వొస్తుంది. జాంగో 500 పేజీని ఖాళీ కాంటెక్స్ట్‌తో రెండర్ చేస్తుంది, యూజర్ ఎవరో ఆ పేజీకి తెలియదు. మేమేమో మిగతా పేజీల్లాగే దాన్నీ బేస్ టెంప్లేట్ మీద కట్టాం. ఆ మెనూలో ప్రొఫైల్ లింక్‌కి యూజర్ ఐడీ కావాలి. అది లేక ఎర్రర్ పేజీకే ఎర్రర్ వచ్చింది. మంట ఆర్పడానికి తెచ్చిన బిందెకే చిల్లు అన్నమాట.

మా లాప్‌టాప్‌లలో ఇది కనపడలేదు. డీబగ్ ఆన్‌లో ఉన్నంతసేపు జాంగో తన పొడవాటి ట్రేస్‌బ్యాక్ చూపిస్తుంది తప్ప మన పేజీని కాదు. టెస్ట్ రన్నర్ మాత్రం సెట్టింగ్స్‌లో ఏమున్నా డీబగ్ ఆఫ్ చేసే నడుపుతుంది. అంటే ఒక్క టెస్ట్ రాసి ఉంటే దొరికిపోయేది. ఒక మెలిక ఉంది: టెస్ట్ క్లయింట్ మామూలుగా ఎక్సెప్షన్‌ని మన మీదకే విసురుతుంది, 500 రెస్పాన్స్ చేతికివ్వదు. రైజ్_రిక్వెస్ట్_ఎక్సెప్షన్‌ని ఫాల్స్ చేస్తే ఇస్తుంది, జాంగో 3.0 నుంచి ఆ సదుపాయం ఉంది. ఇక పేమెంట్ ఫంక్షన్‌ని మాక్ చేసి, కావాలనే పడగొట్టడమే.

404 సంగతి ఇంకో రకం. సొంత హ్యాండ్లర్ రాసి స్టేటస్ ఇవ్వడం మర్చిపోతే, "పేజీ లేదు" అనే పేజీ 200తో వెళ్తుంది. కంటికి అంతా బాగానే ఉంటుంది. అసర్ట్‌కంటెయిన్స్ కూడా మనం 404 అని చెప్పకపోతే 200నే ఆశిస్తుంది కాబట్టి, హాయిగా పాస్ చేసేస్తుంది.

"ఎర్రర్ పేజీకి టెస్ట్ ఏంట్రా, టైం వేస్ట్" అన్నాడు మా సీనియర్ ఒకాయన. రెండుసార్లు డబ్బు కట్టినవాళ్ళ ఫోన్లు ఆయనకి రాలేదులెండి. వచ్చే రివ్యూలో నేను ముందు సైట్‌ని పడగొట్టి చూపిస్తా. మేడమ్ ఎన్ని మార్కులు వేస్తారో చూడాలి.