సుస్థిరత సిలబస్‌లో కులానికి చోటేది?

పీజీలో మాకు మురుగునీటి శుద్ధి గురించి రెండు వారాలు పాఠం చెప్పారు. పైపు వాలు, ప్రవాహ వేగం, శుద్ధి కేంద్రం ఖర్చు అన్నీ లెక్కకట్టాం. పైపు పూడుకుపోతే లోపలికి దిగేది ఎవరన్న ప్రశ్న మాత్రం ఒక్క రోజూ రాలేదు. ఆ పని చేసే ఇళ్ల నుంచి వచ్చినవాళ్లం క్లాసులో ఉన్నా, మేమూ అడగలేకపోయాం.

ఇప్పుడు 'సుస్థిరత శాస్త్రం' పేరుతో పీజీ, పీహెచ్‌డీ కోర్సులు వస్తున్నాయి. ప్రకృతికీ సమాజానికీ మధ్య సంబంధాన్ని అర్థం చేసుకోవడమే ఈ శాస్త్రం పని అని 2001లో 'సైన్స్' పత్రికలో దాన్ని ప్రతిపాదించినవాళ్లే చెప్పారు. మన దేశంలో ఆ సమాజం కులాలుగా చీలి ఉంది. 1927లో మహద్‌లో అంబేద్కర్ చెరువు నీళ్లు తాగడమే పోరాటమైన దేశం ఇది. ఇక్కడ నీటిని లీటర్లలో కొలిస్తే సరిపోతుందా?

రక్షణ లేకుండా మనుషుల్ని మురుగు కాలువల్లోకి దించడాన్ని 2013 చట్టం నిషేధించింది. చనిపోయినవారి కుటుంబాలకు 10 లక్షలు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2014లో చెప్పింది, 2023లో దాన్ని 30 లక్షలకు పెంచింది. పరిహారం పెరిగింది, చావులు ఆగలేదు. మనిషి దిగనక్కర్లేని వ్యవస్థను కట్టడం ఇంజినీరింగ్ ప్రశ్న. ఇన్నేళ్లూ అలా ఎందుకు కట్టలేదన్నది కులం ప్రశ్న. రెండూ ఒకే పేపర్లో, తప్పనిసరి పేపర్లో ఉండాలి.

ఎవరు బోధించాలన్నదీ ముఖ్యమే. జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల మహిళల్లో ఎక్కువమంది దళితులు. చిరుధాన్యాల విత్తనాలు కాపాడుకుంటూ, ఒకే చేనులో అనేక పంటలు కలిపి పండిస్తారు. ఆ సంస్థకు 2019లో ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ ప్రైజ్ వచ్చింది. విశ్వవిద్యాలయాలు మాత్రం ఇలాంటి మహిళల దగ్గరికి ప్రశ్నావళితో వెళ్లి, జవాబులు రాసుకుని వచ్చేస్తాయి. వాళ్లను జీతమిచ్చి అధ్యాపకులుగా పిలవాలి. పరిశోధన ప్రశ్న తయారయ్యే దశలోనే వాళ్ల మాట ఉండాలి.

చివరిది, ఫెలోషిప్. జీతంలేని ఇంటర్న్‌షిప్, సొంత ఖర్చుతో ఫీల్డ్‌వర్క్ అంటే కూలి ఇంటి విద్యార్థిని గేటు దగ్గరే ఆపేయడం. రోహిత్ వేముల చివరి ఉత్తరంలో తనకు రావాల్సిన ఏడు నెలల ఫెలోషిప్ ప్రస్తావన ఉంది. నెలనెలా డబ్బు చేతికి అందడం కూడా కోర్సు డిజైన్‌లో భాగమే.

మీ విభాగంలో కొత్త సిలబస్ ముసాయిదా వస్తే ముందు ఈ మూడూ వెతకండి: కులం తప్పనిసరి పేపరుగా ఉందా, శ్రమ తెలిసినవాళ్లు పాఠం చెబుతున్నారా, ఫెలోషిప్ వేళకు వస్తుందా. లేకపోతే అక్కడే అడగండి. నేను అప్పుడు అడగలేదు.