సొప్రానోల యింటి పెత్తనము



హంతకుల కుటుంబకథ గృహిణుల పుటలో నేలయని కొందఱు నొసలు ముడుతురేమో! ‘ది సొప్రానోస్’ అను ధారావాహిక నాటకము 1999 జనవరిలో అమెరికా టెలివిజనులో ప్రారంభమై 2007 జూనులో ముగిసెను. మొత్తము 86 భాగములు. డేవిడ్ చేస్ అనునాతడు దీనిని కల్పించెను. బూతులును రక్తపాతమును మెండు; పిల్లలు నిద్రించిన పిదపగాని చూడదగదు. అయినను మొదటి 13 భాగములలో తుపాకులకంటె నొక ముసలమ్మ మాటయే నాకెక్కువ భయము గొల్పినది.

న్యూజెర్సీ సీమయందలి ఇటాలియను సంతతివారిలో నొక ముఠా కలదు. జూదము, అధికవడ్డీ, బెదరించి సొమ్ము రాబట్టుట వీరి వృత్తులు. నాయకుడు రాచపుండు వలన మరణింపగా పీఠమునకు తగినవా రిద్దఱైరి. ఒకడు వయసున పెద్దవాడగు జూనియర్. రెండవవాడు అతని తమ్ముని కుమారుడు టోనీ. టోనీ యుక్తిపరుడు. పీఠము పెదతండ్రికిచ్చి అధికారము తనయొద్ద నుంచుకొనెను. పోలీసుల చూపు పీఠముపై కూర్చున్నవానిమీదనే గదా పడును! తాను ఉత్సవవిగ్రహమని క్రమక్రమముగా నెఱిగిన వృద్ధుని మనస్సెట్లుండును?

యయాతికథ మనమందఱ మెఱిగినదే. తండ్రి కొడుకులను యౌవనమడిగెను. నలుగురు కాదనిరి, పూరుడొక్కడిచ్చెను. తుదకు యయాతి యౌవనము మరల నొసగి రాజ్యమును పూరునకే కట్టబెట్టెను. ఆ యడుగుట యెంత స్వార్థమైనను బహిరంగముగా జరిగినది. సొప్రానోల యింటనో, ఇచ్చినట్లు నటించువారును పుచ్చుకొన్నట్లు నటించువారును మాత్రమే కలరు.

ఇక టోనీ తల్లి లివియా. రోమక చక్రవర్తి ఆగస్టసు భార్య పేరును ఇదియే. కుమారుడు టైబీరియసు చక్రవర్తియైన పిదపను ఆమె పెత్తనము విడువలేదని ఆ దేశపు చరిత్రకారులు వ్రాసిరి. మన లివియా విధవ. ఒంటరిగా నుండగా వంటయింట నిప్పంటుకొనెను. కారు నడుపుచు స్నేహితురాలినే గ్రుద్దెను. కొడుకు ఆమెను ఖరీదైన వృద్ధుల వసతిలో చేర్చెను. అతని దృష్టిలో నది సౌకర్యము. ఆమె దృష్టిలో చెఱసాల. ఇందు తప్పెవ్వరిదని నన్నడిగినచో వెంటనే చెప్పజాలను. ముఠాలో స్త్రీకి స్థానము లేదు. ఆమెకున్న రాజ్యమల్లా ఆ యిల్లు, ఆ పొయ్యి. తాళపుచెవుల గుత్తి చేతినుండి జారినప్పటి బాధ మనలో పెద్దవారిని అడిగిన చెప్పుదురు.

కాని ఆ బాధతో నామె చేసినది ఘోరము. బావగారు చూడవచ్చినప్పుడు రెండు సంగతులు చెవిని వేసెను: టోనీ మానసిక వైద్యురాలియొద్దకు పోవుచున్నాడనియు, ముఠా పెద్దలు కొందఱు ఆ వసతిలోనే అతనితో రహస్యముగా కలిసికొనుచున్నారనియు. రహస్యమే ప్రాణమైన యా వృత్తిలో నీ రెండును మరణశాసనములే. చంపుమని ఆమె నోట నొక్కమాట లేదు. చెప్పుట, నిట్టూర్చుట, తనకేమియు తెలియదనుట, అంతే. 12వ భాగమున ఇద్దఱు హంతకులు టోనీపై తుపాకులు పేల్చిరి. అతడు గాయములతో బయటపడెను. పిమ్మట నతనిని చూడవచ్చిన తల్లి, ఎదుటనున్న మనుమరాలిని చూచి యా పిల్ల యెవరని యడిగినది! ఆ మఱపు నటనయనియే నా నమ్మకము. ఇనుపభీముని కౌగిలించుకొన్న ధృతరాష్ట్రుని కన్నుల నీరైనను ఇంతకంటె నిజమైనదేమో.

కోడలు కార్మెలా మాత్రము ఇంతకు ముందే, ఆమె అబల కాదనియు, తన బలము తానెఱుగనిది కాదనియు మొగముమీదనే చెప్పియుండెను. ఆ తెగువ నాకు నచ్చినది. అట్లని ఆ కోడలు నిర్దోషి కాదు. మగడు తెచ్చు సొమ్మెక్కడిదో యెఱిగియే నగలు పెట్టుకొన్నది.

ప్రభుత్వపు గూఢచారులు ఆ వసతిలో రహస్యముగా పట్టిన సంభాషణలను టోనీకి వినిపించిరి. అతడు దిండు చేతబట్టి తల్లి గదికి పోయెను. అప్పటికే పక్షవాతమువలన నామెను బండిపై గొనిపోవుచుండిరి. మొగముపైనున్న ప్రాణవాయువు తొడుగు మాటున ఆమె నవ్వుచున్నట్లు కొడుకునకు తోచెను.

లివియాకు తన తల్లియే మాతృకయని చేస్ దాచక చెప్పెను. ఆ పాత్ర ధరించిన నాన్సీ మార్చండ్ 2000 సంవత్సరమున మరణించుటచే కథలోను ఆమెకు 2001లో మరణము తప్పలేదు. కావున తల్లీకొడుకుల లెక్క తేలనేలేదు. పరామర్శకు వచ్చినవారికి ఆమెను గూర్చి యొక మంచిమాట దొరకుట దుర్లభమయ్యెను.

జూనియరు సంగతి వేఱు. వార్ధక్యమున మతి చెడి, 2006లో వచ్చిన భాగమున, ఎన్నడో చచ్చిన శత్రువనుకొని తమ్ముని కొడుకునే కాల్చెను. చివరి భాగములో టోనీ అతనిని చూడబోయెను. పండ్లు లేని నోరు, శూన్యమైన చూపు. నీవును మా తండ్రియు నొకప్పుడీ సీమనంతయు నేలితిరని టోనీ జ్ఞాపకము చేసెను. అట్లా, మంచిదే యని వృద్ధుడు కిటికీవంక చూచుచుండెను. టోనీ కన్నులు చెమర్చెను. మాటాడక లేచి వెడలిపోయెను.