కొమ్ముల లెక్కన పంచే పొలం

ఇండోనేషియాలోని సులవేసి దీవి దక్షిణ భాగంలో ఉన్న కొండసీమ తానా తొరాజా. మకస్సార్ రేవు నుంచి ఉత్తరంగా సుమారు మూడు వందల కిలోమీటర్లు ప్రయాణిస్తే ఈ కొండల్లోకి చేరతారు. 2008లో ఈ సీమను రెండు జిల్లాలు చేశారు. దక్షిణ జిల్లాకు మకాలె, ఉత్తర జిల్లాకు రాంతెపావ్ ముఖ్యపట్టణాలు. తొరాజా అంటే ఎగువసీమ మనుషులని అర్థం. ఆ పేరు పెట్టింది పల్లపు బుగీ జాతివారు. కొండవాలు మీద మెట్లు మెట్లుగా వరి మడులు, మడి మధ్య చేపలకు చిన్న గుంట, గట్టున వెదురు పొదలు, కాఫీ మొక్కలు, ఎత్తున బారులు తీరిన ఇళ్లు, వాటికెదురుగా మరో బారు ధాన్యపు కొట్లు: పాతకాలపు తొరాజా ఊరు ఇలా ఉంటుంది. కష్టజీవుల ఊరు ఇది. ఆ కష్టం ఎటు పోతుందో తెలియాలంటే ఇక్కడి ఆస్తి పద్ధతిని చూడాలి, దానితోపాటు చావునూ చూడాలి.

ఊరికి మూలం తొంగ్‌కోనాన్ అనే పూర్వీకుల ఇల్లు. తొంగ్‌కోన్ అంటే కూర్చోవడం. ఒక మూలదంపతుల సంతానం కూడి కూర్చునే చోటు కాబట్టి ఇంటికా పేరు వచ్చింది. ఎత్తైన స్తంభాల మీద, ఉత్తర ముఖంగా, రెండు కొసలు పైకి లేచిన కప్పుతో దీన్ని కడతారు. వెదురు బద్దలు పొరలు పొరలుగా పరిచే ఆ కప్పు స్థానంలో ఇప్పుడు ఎక్కువచోట్ల రేకు కనిపిస్తుంది. గోడల మీది చెక్కడాలకు నలుపు, ఎరుపు, పసుపు, తెలుపు రంగులు. ఇంటి ముందు నిలిపిన స్తంభానికి, ఆ ఇంటివారు అంత్యక్రియల్లో నరికిన దున్నల కొమ్ములను కింది నుంచి పైదాకా వరుసగా కడతారు. ఎదుటి ధాన్యపు కొట్టు పేరు అలాంగ్. ఎలుక ఎక్కకుండా జారిపోయేంత నున్నని తాటిజాతి మొద్దుల మీద దాన్ని నిలుపుతారు.

తొంగ్‌కోనాన్‌ను అమ్మరు, పంచుకోరు. తల్లి వైపు ఇళ్లూ తండ్రి వైపు ఇళ్లూ మనిషికి సమానంగా తనవే. బిడ్డ పుట్టగానే మాయను ఇంటికి తూర్పున పాతిపెడతారు గనుక ఎంత దూరం వెళ్లినా ఆ ఇంటితో బంధం తెగదని చెబుతారు. ఇల్లు మళ్లీ కట్టేటప్పుడు సంతానమంతా ఖర్చు భరించాలి. ఒక మంచి సంగతి కూడా ఉంది. కొడుకుకూ కూతురికీ పొలం మీద సమాన హక్కు ఉంది. పెళ్లయ్యాక తరచు మగవాడే భార్య ఇంటికి వెళతాడు. విడిపోతే ఇల్లు ఆమెకే మిగులుతుంది, అతను ధాన్యపు కొట్టు విప్పుకుని వెళ్లవచ్చు. ఆడపిల్లకు పొలం హక్కు కోసం మన దేశంలో చట్టాలు తేవలసివచ్చింది, ఆ కొండవాసులకు అది ఆచారంలోనే ఉంది. ఇంత వివేకం ఉన్న సమాజం ఆ హక్కునే తీసుకెళ్లి చావుకు ముడిపెట్టడం బాధాకరం.

తొరాజాలో మనుషులు పుట్టుకతోనే నాలుగు మెట్లు. పై మెట్టు బంగారం, తర్వాత ఇనుము, ఆ తర్వాత తాటిమాను, అట్టడుగున రెల్లు. రెల్లు మెట్టువారు కౌనాన్లు, అంటే బానిసలు. యుద్ధంలో పట్టుబడి, లేదా అప్పు తీర్చలేక ఆ స్థితిలోకి దిగినవారు వీళ్లు. తల్లి బానిస అయితే బిడ్డా బానిసే అయ్యేది. బానిసత్వం ఉన్న రోజుల్లో కౌనాన్ బంగారం పెట్టుకోకూడదు, ఇంటికి చెక్కడాలు చేయించుకోకూడదు, యజమాని తినే పళ్లెంలో తినకూడదు. పై మెట్టు స్త్రీని తాకిన బానిస మగవాడికి మరణశిక్ష పడేది. దాంపత్యం చెడితే తప్పు చేసినవారు కట్టే కాపా అనే జరిమానా కూడా మెట్టును బట్టే ఉంటుంది: బంగారానికి 24 దున్నలు, ఇనుముకు 6, తాటిమానుకు 2, రెల్లుకు ఈనిన ఆడపంది ఒకటి. మనిషి మర్యాద విలువను ఇంత మొహమాటం లేకుండా పశువుల్లో లెక్కగట్టిన వ్యవస్థ పవిత్రమెలా అవుతుందో, దాన్ని పొగిడేవారే చెప్పాలి.

ఈ వ్యవస్థను నిలబెట్టింది అలుక్ తో దోలో అనే పూర్వీకుల మతం. దాని ప్రకారం ఊపిరి ఆగినవాడు చనిపోయినట్టు కాదు, జబ్బుపడ్డట్టు. అంత్యక్రియ జరిగేదాకా శవం ఇంట్లోనే ఉంటుంది, నెలలు పట్టవచ్చు, ఏళ్లూ పట్టవచ్చు. దానికి వేళకు అన్నం పెడతారు, పలకరిస్తారు. శవం చెడకుండా పూర్వం ఆకులూ మూలికలూ వాడేవారు, ఇప్పుడు ఫార్మలిన్ ఎక్కిస్తారు. ఆత్మ పుయా అనే పరలోకానికి చేరాలంటే దున్నలు దాన్ని మోసుకుపోవాలి. దున్నలు ఎన్ని ఎక్కువైతే ప్రయాణం అంత సుఖం, అక్కడ హోదా అంత ఘనం. ఇక్కడి ధనికుడు అక్కడా ధనికుడే, ఇక్కడి బానిస అక్కడా బానిసే. చనిపోయినవారి పట్ల ప్రేమ నిజం, దాన్ని ఎవరూ తప్పుపట్టరు. అయితే ఆ ప్రేమను దున్నల్లో కొలవాలన్న నియమం దుఃఖంలోంచి పుట్టలేదు. దున్నలు ఉన్నవారికి పనికొచ్చే నియమం అది.

రాంబు సొలొ అనే అంత్యక్రియకు కూడా మెట్లున్నాయి. ఒక రాత్రి, మూడు రాత్రులు, అయిదు, ఏడు. పెద్దల క్రియ అయితే రెండు విడతలు. వారి క్రియకు 24 దున్నలు మర్యాదగా చెప్పుకుంటారు. వందకు పైగా నరికిన సందర్భాలూ ఉన్నాయి. దున్నను ఒక కాలికి తాడు కట్టి నిలబెట్టి గొంతు మీద ఒకే వేటు వేస్తారు. నెత్తురు చిమ్ముతూ అది గుంజ చుట్టూ తిరిగి, కూలి, మళ్లీ లేవబోతుంది. పిల్లలు దగ్గరగా నిలబడి చూస్తారు. ఆ దున్నను ఏళ్ల తరబడి మేపి, రోజూ కడిగి, గడ్డి కోసి తెచ్చింది చాలాసార్లు పేదింటి కుర్రవాడే. దున్న అరక దున్నదు, మడిని గునపంతో, పారతో మనిషే తవ్వుకుంటాడు. పని చేయవలసిన పశువును చావు కోసం దాచి, దాని పనిని మనిషి నెత్తిన పెట్టిన వ్యవసాయం ఇది. ఇక అట్టడుగు బానిస చనిపోతే పంది కూడా దక్కేది కాదు. పంది కుడితి తొట్టిని కర్రతో కొట్టి చప్పుడు చేసి శవాన్ని సాగనంపేవారు. బతికినన్నాళ్లూ చాకిరీ చేసిన మనిషికి ఆ చప్పుడే కర్మకాండ.

అసలు చిక్కు పంపకంలో ఉంది. చాలాచోట్ల తల్లిదండ్రుల అంత్యక్రియలో ఎవరెన్ని దున్నలు నరికితే పొలంలో వారికి అంత వాటా. బిడ్డగా పుట్టిన హక్కు కాగితం మీద సగం సంతకం లాంటిది, దున్న నెత్తురు పడితేనే అది పూర్తవుతుంది. పిల్లలు లేని మనిషి పోతే తోబుట్టువుల పిల్లలు పోటీకి దిగి పొలాన్ని గెలుచుకోవచ్చు. పిండం పెట్టే అర్హతను బట్టి వారసత్వమన్న బెంగాల్ దాయభాగ సూత్రానికి ఇది దూరపు చుట్టంలా కనిపిస్తుంది గానీ, అక్కడ ముద్ద చాలు, ఇక్కడ మంద కావాలి. ఫలితం ఊహించడానికి పాండిత్యం అక్కర్లేదు. దున్నలు కొనగలిగిన అన్న మడి చెక్క పెద్దదవుతుంది, కొనలేని తమ్ముడిది కరిగిపోతుంది. తల్లిని చివరి రోజుల్లో దగ్గరుండి చూసుకున్న కూతురు, చేతిలో డబ్బు లేకపోతే, ఆ తల్లి పొలంలోనే వెనకబడుతుంది. ఇంతటి అన్యాయాన్ని మామూలు పంపకంలో ఎవరూ సహించరు. పరలోకం పేరు చెప్పడం వల్ల నోరెత్తడానికి వీల్లేకపోయింది.

చుట్టాలు తెచ్చే దున్నలూ పందులూ కానుకలు కావు. పేరు, లెక్క రాసుకుంటారు. తెచ్చినవారింట చావు జరిగినప్పుడు అంతకు తగ్గకుండా తిరిగివ్వాలి. తండ్రి తీర్చలేనిది కొడుకు మీద పడుతుంది. చేతిలో లేకపోతే మడి తాకట్టు పెట్టాలి. లొంకొ అనే మాట ఇక్కడ గట్టి కాపలాదారు. దాని అర్థం సిగ్గు, పరువు రెండూ. పరువు పోతుందన్న భయంతో మనిషి తలకు మించిన అప్పు చేస్తాడు, పిల్లల చదువుకు దాచింది తీసి దున్న కొంటాడు. మామూలు దున్నకే కోట్ల రుపియాలు పోయాలి. తెల్లని మచ్చలుండే సాలెకో దున్న పదుల కోట్లు పలుకుతుంది. యాభై కోట్ల రుపియాలంటే మన డబ్బులో పాతిక లక్షలకు పైమాట. ఆ దున్నను కొన్నాళ్లలో నరికేస్తారు.

ఈ ఆచారాన్ని సమర్థించేవారు చెప్పే మాట ఒకటుంది: మాంసం ఊరంతటికీ అందుతుంది, పేదవాడు తింటాడు, సంపద పంచినట్టవుతుంది. ఈ మాట నిలవదు. మాంసాన్ని పంచేది ఆకలిని బట్టి కాదు, హోదాను బట్టి. ఎత్తైన వేదిక మీంచి పేరు పిలిచి ముక్క విసురుతారు. ఎవరికి ఏ భాగం అన్నది ముందే నిర్ణయమై ఉంటుంది. తనకు దక్కిన ముక్కతోనే పేదవాడు పదిమందిలో తన మెట్టు ఏదో మళ్లీ వింటాడు. రెండు రోజుల కూరకు బదులు తరతరాల అప్పు పుచ్చుకోవడాన్ని పంపకం అనకూడదు.

1906లో డచ్చివారు ఈ కొండలను ఆక్రమించారు. ఎదిరించిన పోంగ్ తికును 1907లో చంపారు. బానిసత్వాన్ని చట్టరీత్యా రద్దు చేశారు, నరికే దున్నల సంఖ్యకు హద్దు పెట్టబోయారు. 1913లో వచ్చిన మిషనరీ ఆంతోనీ వాన్ దె లోస్‌ద్రెక్త్ 1917లో హత్యకు గురయ్యాడు. తర్వాత మిషన్ రాజీకి వచ్చింది. పూజ అయితే మతం కాబట్టి కూడదు, మాంసం పంచుకోవడం ఆచారం కాబట్టి పరవాలేదు అంది. ఆ సన్నని సందులోంచి దున్నలు చర్చి ముంగిట్లోకి కూడా వచ్చేశాయి. ఇప్పుడు తొరాజాలో అత్యధికులు క్రైస్తవులు. పుయాను నమ్మనివారు కూడా దున్నలు నరుకుతారు. నమ్మకం పోయినా ఆచారం మిగిలిందంటే దాని బలం ఆత్మల్లో లేదని, మెట్లలోనూ మడుల్లోనూ ఉందని తేలిపోయింది. 1969లో ప్రభుత్వం అలుక్ తో దోలోను హిందూ ధర్మంలో ఒక శాఖగా నమోదు చేసింది. గుర్తింపు పొందిన మతాల జాబితాలో చోటు కోసం జరిగిన ఏర్పాటు అది. అంతమాత్రాన ఆ కర్మకాండ మన దేశం నుంచి వెళ్లినది కాదు.

1960ల చివరి నుంచి యువకులు మకస్సార్‌కూ, కాలిమంతాన్‌కూ, పాపువాకూ పనికోసం వెళ్లసాగారు. ఆ కూలి డబ్బు ఇంటికొచ్చి బడికంటే ముందు దున్నల సంతకు చేరింది. కౌనాన్ల మనవలు చేతిలో డబ్బు ఆడగానే పెద్దల స్థాయిలో అంత్యక్రియ తలపెడితే, పాత పెద్దలు అడ్డం తిరిగిన తగాదాలు ఎన్నో. అవమానించిన మెట్లను కూల్చడానికి బదులు అదే మెట్ల పైకెక్కడానికి ఆస్తి తగలెయ్యవలసిరావడం ఆ మనవలకు జరిగిన రెండో అన్యాయం. 1970ల నుంచి పర్యాటకులు వస్తున్నారు, దున్న కూలే క్షణాన్ని ఫొటో తీసుకుంటున్నారు. నరికిన ప్రతి పశువుపై స్థానిక ప్రభుత్వం పన్ను వసూలు చేస్తోంది. రాంతెపావ్ దగ్గరి బోలు సంతలో మచ్చల దున్నల బేరాలు ఇప్పటికీ జోరుగా సాగుతున్నాయి. వాటిని కొన్నవారిలో మడి తాకట్టు పెట్టి వచ్చినవారూ ఉన్నారు. ఆ మడిని ఈ ఏడు వేరే ఇంటివారు నాటుకుంటారు.