ఫుట్‌బాలు సంఘము ఎవరి సొత్తు?

హైదరాబాదు సిటీ పోలీసు జట్టు పేరు చెప్పినచో నేటి కళాశాల విద్యార్థి మన ముఖము వంక వెఱ్ఱిగా చూచుచున్నాడు. ఇది వాని దోషము గాదు. చెప్పవలసిన పెద్దలు చెప్పలేదు. ఆ జట్టు 1950 మొదలు 1954 వఱకు వరుసగా ఐదేండ్లు బొంబాయిలో రోవర్సు కప్పును గెలిచెను. 1950లోనే మోహన్ బగాను నోడించి డ్యూరాండు కప్పును గైకొనెను. ఫుట్‌బాలనిన కలకత్తావారి పుట్టింటి సొమ్మని లోకము నమ్మిన దినములవి. పోలీసువారిని ఇంతగా పొగడవలసి వచ్చునని ఈ పుటను చదువువారు అనుకొని యుండరు. కాని ఉన్నమాట చెప్పక తప్పదు.

ఈ ఘనతకు మూలపురుషుడు సయ్యదు అబ్దుల్ రహీము. ఆయన ఉపాధ్యాయవృత్తిలో నుండినవాడు. బంతిని తన కాలియొద్దనే యట్టిపెట్టుకొని మెప్పు పొందగోరు ఆటకాని చాపల్యమును మాన్పుటకై, అందిన బంతిని వెంటనే తోడివానికి పంపవలెనను నియమముతో పోటీలు పెట్టెను. వాటముగాని కాలితోనే తన్నవలెనని మఱికొన్ని పోటీలు పెట్టెను. 1952లో హెల్సింకి ఒలింపిక్సునందు మన దేశపు జట్టు యుగోస్లావియాకు పది గోలులిచ్చి ఒక్కటి మాత్రమే వేయగలిగెను. నాలుగేండ్ల తరువాత మెల్‌బోర్నులో ఆస్ట్రేలియాను గెలిచి నాలుగవ స్థానము నందెను. 1962లో జకార్తాలో కొరియావారి నోడించి ఆసియా క్రీడల స్వర్ణపతకమును తెచ్చెను. మూడింటను శిక్షకుడు రహీమే. జకార్తా నాటికే క్యాన్సరు వ్యాధి ఆయనను క్రుంగదీసి యుండెను, 1963లో కన్నుమూసెను.

తొలకరి పడినంతనే మన తుగ్గలి, జొన్నగిరి చేలలో జనులు వజ్రములకై వెదకుట పాఠకు లెఱిగినదే. రాయి దొరకినవాడు దానిని ఇంట నుంచుకొనడు. వర్తకుని చేతికి పోవును. హైదరాబాదు ఆటకాండ్ర గతియు నట్లే యయ్యెను. సికింద్రాబాదు చెంత అమ్ముగూడలో పుట్టిన తులసీదాసు బలరాము 1957లో కలకత్తా ఈస్టు బెంగాలునకు తరలిపోయెను. పొట్టకూటికై పోయినవారిని నిందింప మాకు నోరు రాదు. నిలుపుకొనుటకు మనకు సంఘ మేది? పోలీసు జట్టు ఒక సర్కారు శాఖకు చెందినది. శాఖవారికి ఆసక్తి యున్నన్నాళ్లు వెలిగెను, లేనినాడు ఆరెను. నగరప్రజలు చప్పట్లు కొట్టిరే గాని, వారికి దానిపై ఏ హక్కును లేకుండెను.

ధనికుల క్లబ్బు వచ్చినను ఇదే కథ. 2019లో పూనా క్లబ్బు మూతపడగా దాని స్థానమున హైదరాబాదు క్లబ్బొకటి వెలసెను. 2022 మార్చిలో గోవాయందు ఇండియన్ సూపర్ లీగును గెలిచెను. తరువాత అప్పులు, జీతముల తగవులు. 2025లో అది ఢిల్లీకి తరలి పేరు సైతము మార్చుకొనెను. దుకాణము లేచిపోయినట్లు లేచిపోయెను. ఆపుటకు ఏ ఊరివానికిని ఓటు లేదు.

ఐర్లండు దేశమున డబ్లిను నగరపు షామ్‌రాక్ రోవర్స్ చరిత్ర వేఱు త్రోవ త్రొక్కెను. 1987లో యజమానులు మిల్‌టౌనునందలి దాని మైదానము నమ్మివేసిరి. అచ్చట ఇండ్లు లేచెను. ఇరువది రెండేండ్లు ఆ క్లబ్బు అద్దె మైదానములు పట్టుకొని తిరిగెను. 2005లో అప్పులలో మునిగి, తొలిసారిగ క్రింది తరగతికి దిగజారిన యేటనే, అభిమానులు నెలనెల చందాలు వేసికొని దానిని తమ చేతులలోనికి తీసికొనిరి. 2009లో టాలటునందు స్థానిక కౌన్సిలు కట్టిన మైదానమున కాలు మోపిరి. 2010, 2011 సంవత్సరములలో లీగు గెలిచిరి. 2020 మొదలు నాలుగేండ్లు వరుసగా మరల గెలిచిరి. 2005లో క్లబ్బు చందాదారులదయ్యెను, 2009 నాటి మైదానపు నేల ఊరిది. మాకు నచ్చిన యేర్పాటిది.

పత్తికొండలో బంతి తన్ను కుఱ్ఱవాండ్రకు కొదువ లేదు. దాత యొకడు చొక్కాలు కుట్టించిన జట్టు ఆ దాత ఎన్నికలలో ఓడినంత విచ్ఛిన్నమగుట మేము పలుమార్లు చూచితిమి. 2001 నాటి సంఘముల నమోదు చట్టము క్రింద ఏడుగురు కూడిన చాలును. నిబంధనావళి వ్రాయుటకు ఫీజు పుచ్చుకొనము. అందు మొదటి నిబంధన యిది: ఎంత పెద్ద మొత్తము నిచ్చినవానికైనను, నెలకు పది రూపాయ లిచ్చు టమేటా మార్కెట్టు హమాలీకైనను, ఒకటే ఓటు.