ఆర్-స్క్వేర్ అదిరింది, ఇంతకీ కొలిచిందేంటి?

యూనివర్సిటీల ఇన్నొవేషన్‌ని రిగ్రెషన్‌తో ముందే చెప్పెయ్యొచ్చని ఈ మధ్య ప్రతివాడూ ఓ మోడల్ కట్టేస్తున్నాడు. ఎక్స్‌లో పేటెంట్లు, పేపర్లు. వైలో ఏదో ఒక ర్యాంకింగు. నాలుగు లైన్ల పైథాన్, అదిరిపోయే ఆర్-స్క్వేర్. అదరకపోతేనే ఆశ్చర్యపోవాలి మాస్టారూ!

రాయిటర్స్ జాబితానే తీసుకోండి. 2015 నుంచి 2019 దాకా వంద 'ఇన్నొవేటివ్' యూనివర్సిటీల పేర్లు ప్రకటించారు, ఐదేళ్ళూ స్టాన్‌ఫర్డే ఫస్టు. ర్యాంకు దేంతో కట్టారు? ఎన్ని పేటెంట్లకి దరఖాస్తు చేశారు, ఎన్ని మంజూరయ్యాయి, వాటిని ఎందరు ఉదహరించారు, పేపర్లెన్ని... అంటే ఎక్స్‌లో పెట్టినవే వై కడుపులో ఉన్నాయి. కందిపప్పు, చింతపండు కొలిచి చూసి "ఇది పప్పుచారు అవుతుంది" అని జోస్యం చెప్పినట్టు. పైగా ఇన్ని పేటెంట్ దరఖాస్తులుంటేనే అని గడప దగ్గరే వడకట్టారు. మిగతావాళ్ళు డేటాలోనే లేరు.

2002లో ఐఐటీ కాన్పూర్‌లో మణీంద్ర అగ్రవాల్, అప్పుడే బీటెక్ ముగించిన నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా కలిసి, ఒక సంఖ్య ప్రైమ్ అవునో కాదో పాలినామియల్ టైమ్‌లో ఖచ్చితంగా తేల్చే అల్గారిదం ఇచ్చారు. హేమాహేమీలకి కొరుకుడుపడని ప్రశ్న అది. పేటెంట్ల కాలమ్‌లో దాని విలువ సున్నా. మన పేటెంట్ చట్టం సెక్షన్ 3(కె) గణిత పద్ధతులకీ, అల్గారిదాలకీ పేటెంటే ఇవ్వదు మరి! అటు స్టాన్‌ఫర్డ్‌కి పేజ్‌ర్యాంక్ లైసెన్సు కింద దక్కిన గూగుల్ షేర్లు 2005 నాటికి 33.6 కోట్ల డాలర్లు తెచ్చిపెట్టాయి. కౌంట్‌లో ఆ పేటెంటూ ఒకటే, అటకెక్కిన పేటెంటూ ఒకటే.

డేటా పెంచితే సర్దుకుంటుందంటారు. నాయిస్ సర్దుకుంటుందేమో గానీ, బయాస్ సర్దుకోదు. కోటి వరుసలిచ్చినా అదే తప్పు ఇంకాస్త ధీమాగా చెప్తుంది, అంతే.

ఇది ఉత్త లెక్కల గొడవైతే నేనూ ఊరుకునేవాణ్ణి. మన ఎన్‌ఐఆర్‌ఎఫ్ మంజూరైన పేటెంట్లకే కాదు, ప్రచురితమైనవాటికీ మార్కులిస్తుంది. ప్రచురణంటే ఘనకార్యమేమీ కాదు. దరఖాస్తు పడేసి వెనక్కి తీసుకోకపోతే 18 నెలలకి మామూలుగా అదే అచ్చవుతుంది, ఎవరూ పరీక్షించకపోయినా సరే. 2021లో విద్యాసంస్థలకి పేటెంట్ ఫీజు 80 శాతం తగ్గించారు కూడా. ఇంక అడ్డేముంది?

మా పిన్ని కొడుకు ఈ ఏడాది ఇంజనీరింగ్‌లో చేరాలి. వాడు తెచ్చిన కాలేజీ బ్రోషర్ మీద పేటెంట్ల సంఖ్య ఇంతలావు అక్షరాల్లో ఉంది. మంజూరైనవెన్ని, కంపెనీలు డబ్బిచ్చి వాడుకుంటున్నవెన్ని అని అడిగి రమ్మన్నాను. వెళ్ళి అడిగాడు. క్యాంపస్ ప్లేస్‌మెంట్ల కరపత్రం చేతిలో పెట్టి పంపించారట.