చుక్కల వాంగ్మూలము

విశ్వమునకు ఆరంభము కలదని శాస్త్రజ్ఞులు చెప్పినంతనే “చూచి వచ్చినవాడెవడు?” అని యడుగుట తాండూరు, యాలాల్ ప్రాంతములలో గూడ పాండిత్యముగా చెల్లుచున్నది. ప్రశ్న వినుటకు సొంపుగనే యున్నది గాని న్యాయస్థానమున నిలువదు. కన్నులార చూచినవాడు లేనంతమాత్రమున దొంగతనమే జరుగలేదని తీర్పు చెప్పు న్యాయాధిపతిని మా వృత్తిలో మేమింతవరకు చూడలేదు. ఆనవాళ్లను విచారింపవలెను. ఇచ్చటి ఆనవాలు వెలుతురు.

తాండూరు స్టేషనులో ఆగక పోవు రైలు కూతను వినుడు. మనవైపు వచ్చునప్పుడు శ్రుతి హెచ్చు, దాటిపోగానే తగ్గును. కన్నులు మూసికొన్నవాడును బండి వచ్చుచున్నదో, పోవుచున్నదో చెప్పగలడు. 1842లో డాప్లరు పండితుడు వెలుతురునకును ఈ న్యాయమే వర్తించునని చెప్పెను. చుక్క వెలుతురును పట్టకముతో విడదీసినచో రంగుల నడుమ నల్లని గీతలు కనబడును. ఏ గీత ఏ మూలకమునదో ప్రయోగశాలలో ముందే తేలియున్నది. ఆ గీతలు ఎరుపువైపు జరిగినచో చుక్క దూరమగుచున్నది. ఊదావైపు జరిగినచో చేరువగుచున్నది. కార్తె పేర ప్రతి రైతునకును తెలిసిన రోహిణి సెకనునకు సుమారు 54 కిలోమీటర్ల వేగముతో దూరమగుచున్నది. అనగా రెండు సెకనులలో దాదాపు తాండూరునుండి హైదరాబాదు చేరునంత!

అయితే రోహిణి మన పాలపుంతలోనిది. దానినిబట్టి విశ్వారంభమును నిర్ణయింపరాదు. అసలు సాక్షులు పాలపుంతకు వెలుపలనున్న గెలాక్సీలు. 1912లో స్లైఫరు ఆండ్రోమెడాను పరీక్షింపగా అది సెకనునకు 300 కిలోమీటర్ల చొప్పున మనవైపే వచ్చుచుండెను. ప్రతిపక్షమువారు దీనిని పట్టుకొని పండుగ చేసికొనవచ్చును. కాని తరువాత పరీక్షించిన గెలాక్సీలలో మిక్కిలి భాగము దూరమగుచున్నవే. దూరము రెట్టింపైనచో వేగమును రెట్టింపని 1929లో హబుల్ చూపెను. ఆకాశమే సాగుచున్నదని అంతకు రెండేండ్ల ముందే లెమేత్రు గణించియుండెను. ఈ లెక్కను వెనుకకు నడిపినచో సుమారు 1380 కోట్ల సంవత్సరములకు పూర్వము సమస్తమును మిక్కిలి దట్టమై, మిక్కిలి వేడియై యుండెనని తేలును. నాటి వేడి చల్లారగా మిగిలిన శేషమును 1965లో పెన్జియాస్, విల్సనులు ప్రకటించిరి. అంతకుముందేమి యుండెనని యడిగినచో ఈ సాక్షి ఉత్తరమీయదు. తెలియనిదానిని చెప్పనందుననే దానిని మేము నమ్ముచున్నాము.

“ఇదంతయు మన గ్రంథములలో ముందే కలదు” అనువారు ఏ గీత ఎంత జరిగినదో ఆ గ్రంథములనుండి చూపుదురు గాక. “ఇది పరాయి విద్య” అనువారికి హైదరాబాదు చరిత్రమే సమాధానము. 1901లో నవాబు జఫర్ జంగు స్థాపించిన నిజామియా వేధశాల, ప్రపంచమంతయు పంచుకొన్న ఆకాశపటములో తన వంతును తీర్చెను. టి.పి. భాస్కరన్ మొదలగువారి కాలమున ఫోటోఫలకములపై లక్షలకొలది చుక్కల స్థానములు కొలువబడెను. ఐరోపావారి ఉపగ్రహము కొలిచిన స్థానములతో అట్టి పాత పట్టికలను పోల్చి, 25 లక్షల చుక్కలు పక్కకు జరుగు వేగములను 2000లో ప్రకటించిరి. హైదరాబాదు లెక్కలును అందులో చేరినవే.

అట్టి పని జరిగిన బేగంపేట వేధశాల నిర్లక్ష్యమున శిథిలమైనది! ప్రాచీన విజ్ఞానమని సభలలో గొంతు చించుకొనువారికి ఆ గోడలు కనబడవా? ఉస్మానియా విశ్వవిద్యాలయమును, ప్రభుత్వమును ఆ కట్టడమును నిలబెట్టవలెను. యాలాల్ బడిపిల్లలకు ఒక పట్టకము, ఒక సన్నని చీలిక గల రేకు ఇచ్చినచో ఎండలోని నల్లగీతలను వారే చూచుకొందురు. దాని వెల ఒక సభకు వేయు పందిరి ఖర్చులో ఎన్నవ వంతో వక్తలే లెక్క చెప్పుదురు గాక.